అరుగు మీద చదివి అచ్చేసిన పత్రిక

ముందుగా ఒక మాట చెప్పుకోవాలి. నాకు రాయడం రాదు. అయిదో తరగతి పరీక్షలప్పుడే మా నాన్న నన్ను చోడి చేను కాపలాకి పెట్టాడు, కాబట్టి పాసయ్యానో లేదో కూడా గట్టిగా చెప్పలేను. ఏ ఒత్తు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెద్ద ళ వస్తుందో ఇప్పటికీ అనుమానమే. చదివినవాళ్ళు నవ్వుకుంటారన్న భయంతో మొదట రాసిన కాయితాలు చింపేశాను కూడా. ఇవి మళ్ళీ రాసినవి. చేతిరాత, అక్షరాలు ఎలా ఉన్నా ఓర్చుకుని చదవమని మనవి.

"మరి పత్రికకి ఎడిటర్‌వి ఎలా అయ్యావయ్యా?" అని అడుగుతారు. నిజమే. అరవైల చివర్లో ఆమదాలవలస నుంచి వారానికోసారి వచ్చే నాలుగు పేజీల పత్రిక అడుగున సంపాదకుడని నా పేరే ఉండేది. ఆ రోజుల్లోనే ఒక దఫా ఎమ్మెల్యేగా కూడా చేశాను. కానీ ఆ పత్రికలో ఒక్క వార్తా నా చేత్తో రాయలేదు. నేను చెప్పేవాణ్ణి, మాస్టారని ఒకాయన రాసేవారు. నా కలం సంతకానికే పనికొచ్చేది. అందుకని ఇన్నేళ్ళ తర్వాత ఇదే నా మొదటి రాత.

మా చెల్లెలి మనవరాలు ఈ మధ్యనే శ్రీకాకుళంలో ఒక పేపర్లో పనికి కుదిరింది. దానితో చదివిన కుర్రవాడొకడు రాజకీయాల్లో తిరుగుతున్నాడు. ఇద్దరూ వచ్చి నీ అనుభవాలు రాయమని కూర్చున్నారు.

"నాను రాస్తే ఎవులు సదువుతారే?" అన్నాను.

"నువ్వు మాటాడినట్టే రాసీ తాతా. సదవకపోతే మేం సదువుతాం," అంది మనవరాలు.

అందుకే మాట్లాడినట్టే రాద్దామని కూర్చున్నాను గానీ, కలం పట్టగానే మాస్టారి తెలుగే వస్తోంది. ఎలా గెలిచాను, ఏ పదవి తర్వాత ఏ పదవి వచ్చింది అనేవి రాయను. వాటితో ఎవరికీ ఉపయోగం లేదు, నాకూ సరిగ్గా గుర్తు లేవు.

ముగ్గురు మనుషులు

నా పని అంతా ముగ్గురి దగ్గర నేర్చుకున్నదే. ముగ్గురూ ఇప్పుడు లేరు.

మొదటివాడు మా బావ సూర్నారాయణ, మా అక్క మొగుడు. ఆమదాలవలస స్టేషను ఎదురుగా అతనికి కాలితో తొక్కే ట్రెడిల్ మిషనుతో చిన్న ప్రెస్సు ఉండేది. పెళ్ళి కార్డులు, జాతర కరపత్రాలు, రైసు మిల్లుల బిల్లు పుస్తకాలు అచ్చువేసేవాడు. అక్షరాలు పేర్చడం, మిషను తొక్కడం, సిరా పూయడం అన్నీ అతనే. నోరు మాత్రం ఊరుకునేది కాదు. నా ఫొటో అచ్చువేయడానికి ఒక లోహపు బ్లాకు చేయించాం. ప్రతి వారం వాడీ వాడీ అది అరిగిపోయింది. ఒకరోజు అచ్చైన కాయితం వెలుతురుకి పట్టి చూసి, "బామ్మర్దీ, ఇందులో నువ్వు మీ నాన్న నాగున్నావు. ఇంకో నెల ఆగితే మీ తాత నాగుంటావు. అప్పుడు ఓట్లు ఎవులికేస్తారో ఏటో," అన్నాడు. ఆ బ్లాకు మళ్ళీ వాడలేదు. పేపరున్న రాజకీయ నాయకుడికి ఇంట్లో అలాంటి బావ ఒకడు ఉండటం చాలా అవసరం.

రెండోవారు మాస్టారు. విజయనగరం వైపు బళ్ళో పని చేసి రిటైరై, కూతురి దగ్గర ఉండటానికి ఆమదాలవలస వచ్చారు. పొడుగ్గా, సన్నగా ఉండేవారు. ఎండాకాలంలో కూడా కోటు వేసుకునేవారు. పెద్ద పెద్ద మాటలంటే ఆయనకి ఇష్టం. కానీ ఒక విషయంలో రాయిలా ఉండేవారు. ఎవరైనా "అక్కడ అలా జరిగిందట మాస్టారూ" అంటే, "ఎవరు చూశారు? మీరు చూశారా? చూసినవాడి పేరు చెప్పండి," అనేవారు. ఎడ్లబళ్ళవాళ్ళు మోసుకొచ్చే పుకార్లు ఆయన దగ్గర ఎన్ని చచ్చిపోయాయో చెప్పలేను. పేపరుకి మర్యాద తెచ్చింది ఆయనే, నేను కాదు.

మూడోవాడు పెద్దాయన. జిల్లాలో మా పార్టీకి పెద్ద, ఊళ్ళో రైసు మిల్లు ఉండేది. నన్ను రాజకీయాల్లోకి లాగిందీ, పత్రిక పెట్టించిందీ ఆయనే. "ఒరే, నీకు నోరున్నాది, సదువు నేదు. సదువుకున్నోల్లు నీ మాట రాయరు. నీ మాట నువ్వే అచ్చేసుకో," అన్నాడు. ఆయనకి కోపం ఎక్కువ. కోపమొస్తే భుజం మీద తువ్వాలు తీసి గట్టిగా దులిపేవాడు. ఆ తువ్వాలు దులిపిన చప్పుడుకి మిల్లులో పనివాళ్ళు బస్తాల వెనక్కి పోయేవారు. నేను మాత్రం పోలేకపోయేవాణ్ణి, నా ఎత్తుకి సరిపడే బస్తాలు ఉండేవి కావు.

అర్థమైందా అని అడగకండి

ప్రెస్సు ముందు పొడుగాటి అరుగు ఉండేది. పాసింజరు బండి కోసం వచ్చినవాళ్ళు స్టేషన్లో నీడ చాలక అక్కడ కూర్చునేవారు. వడ్లు దింపిన బళ్ళవాళ్ళు, కొట్లకి సరుకు కొనడానికి వచ్చినవాళ్ళు, భావనపాడు నుంచి ఎండుచేపలు తెచ్చి అమ్ముకుని తిరిగి వెళ్ళే ఆడవాళ్ళు.

నేను చదవడం నిదానం. మాస్టారు రాసింది చదువుకుంటూ కూర్చుంటే పేపరు ఆ వారం బయటికి రాదు. అందుకని అచ్చుకి ముందు మాస్టారు అరుగు మీద కూర్చుని నాకు చదివి వినిపించేవారు. అక్కడ కూర్చున్నవాళ్ళు కూడా వినేవారు. ఇది ఎవరూ ఆలోచించి పెట్టిన పద్ధతి కాదు. నాకు చదువు రాకపోవడం వల్ల వచ్చిన పద్ధతి.

మొదట్లో చదవడం అయ్యాక "అర్థమైందా?" అని అడిగేవాణ్ణి. అందరూ "ఓ, భేషుగ్గా అయినాది బాబూ" అనేవారు. ఒకసారి వంతెన గురించి మాస్టారు పెద్ద వార్త రాశారు. అందరూ తలలూపారు. బండి దగ్గరికి వెళ్ళి ఎద్దులకి గడ్డి వేస్తున్న సింహాచలాన్ని ఊరికే అడిగాను, "ఏటిరా, వంతెన గురించి ఏటన్నారు మేస్టారు?"

"అద్దిరిపోనాది బాబూ సదవడం."

"సదవడం సరే. వంతెన కడతారా కట్టరా?"

సింహాచలం గడ్డి పట్టుకుని కాసేపు ఆలోచించాడు. "అది సెప్పనేదు గదా బాబూ. తవురికేటైనా తెలిస్తే సెప్పండి," అన్నాడు.

ఎదురుగా ఎమ్మెల్యే ఉంటే అర్థం కాలేదని ఎవరంటారు? మర్యాద కోసం అయిందనే అంటారు. ఆ రోజు నుంచి అడిగే మాట మార్చాం. చదవడం అయిపోగానే బావ గుమ్మంలోకి వచ్చి, "మరైతే ఏటి జరిగినాది? ఎవులు సెప్తారు?" అని అడిగేవాడు. విన్నవాళ్ళు తమ మాటల్లో తిరిగి చెప్పగలిగితే ఆ వార్త అచ్చుకి వెళ్ళేది. చెప్పలేకపోతే మాస్టారు మళ్ళీ రాసేవారు. పాపం, మొదట్లో చిన్నబుచ్చుకునేవారు. తర్వాత తర్వాత ఆయనకే సరదా పుట్టింది. సింహాచలం సరిగ్గా తిరిగి చెబితే జేబులోంచి పొడుం డబ్బీ తీసి ఇచ్చేవారు.

అందరికంటే గట్టి మనిషి నూకాలమ్మ. భావనపాడులో వేటకెళ్ళే ఎర్రయ్య పెళ్ళాం. ఎండుచేపల గంపతో నౌపడలో బండెక్కి వచ్చేది. నౌపడ ఉప్పు మడుల్లో పనివాళ్ళకి తాగే నీళ్ళు లేవని నేను హైదరాబాదు సభలో మాట్లాడాను. నా భాష విని ఎవరో వెనకనుంచి నవ్వారు. పెద్దాయన మాత్రం, "నవ్వినోడు నిన్ను గురుతెట్టుకుంటాడు, పోనీలే," అన్నాడు. ఆ ప్రసంగం మా పత్రికలో వేద్దామని మాస్టారు చదివితే నూకాలమ్మ మొత్తం విని, "బాగున్నాది బాబూ. మరి నీల్లొస్తాయా?" అంది.

"అడిగినాను గదమ్మా."

"అడిగినారని ఎయ్యండయితే. ఇది ఇంటే వచ్చీసినట్టున్నాది."

మేము అడిగాం అనే వేశాం. నీళ్ళ కుళాయి వచ్చాకే వచ్చిందని వేశాం. కుర్రవాళ్ళకి చెప్పేదేమంటే, పేపరు, రాజకీయం, ఈ రెండు పనుల్లోనూ ఎక్కువమంది చెడిపోయేది ఇక్కడే. అడిగినదాన్ని వచ్చినట్టు చెప్పడం చాలా తేలిక.

ఎమ్మెల్యే పని గురించి కూడా ఒక మాట చెప్పేస్తాను. అందులో సగం ఆఫీసుల బయట బెంచీ మీద కూర్చోవడమే. ఓపిక ఉన్నవాడికి పనులవుతాయి. రోషం ఎక్కువున్నవాడు మధ్యలో లేచి ఇంటికొచ్చేసి, పక్క ఊరికి పనులవుతుంటే చూస్తూ ఉంటాడు.

ఎర్రయ్య

ఒక ఏడు కార్తీకంలో పెద్ద గాలివాన వచ్చింది. భావనపాడులో ఆ రోజు చీకటితోనే కొన్ని తెప్పలు వేటకి వెళ్ళాయి. ఎర్రయ్యకి తోడు వెళ్ళాల్సినవాడికి జ్వరం రావడంతో అతనొక్కడే వెళ్ళాడు. మిగతావాళ్ళు ఎక్కడెక్కడో ఒడ్డుకి కొట్టుకొచ్చి, నడుచుకుంటూ ఇళ్ళకి చేరారు. ఎర్రయ్య రాలేదు. తెప్పా రాలేదు. ఇంట్లో ముసలి అత్త, ఇద్దరు ఆడపిల్లలు, నూకాలమ్మ.

నేను వెళ్ళి చూశాను. ఊళ్ళో సగం గుడిసెలకి కప్పు లేదు. వలలు పోయాయి. నూకాలమ్మ ఏడవడం లేదు. ఇసకలో కూరుకుపోయిన పొయ్యి రాళ్ళు తవ్వి తీస్తోంది. "ఎర్రయ్య ఎటు ఎల్లాడమ్మా?" అంటే సముద్రం వైపు గడ్డం చూపించి మళ్ళీ తవ్వుకుంది.

పెద్దాయన పిలిపించాడు. సాయం పంచడానికి మంత్రిగారు వస్తున్నారు. ప్రాణం పోయిన ఇళ్ళకి ముందు ఇస్తారు, ఆ ఊళ్ళకే మిగతా సాయం కూడా. మా తీరంలో చనిపోయినవాళ్ళు ఎవరూ లేరని అప్పటికి ఆఫీసులో రాసుకున్నారు.

"మన కాడ ఒక్క ఇల్లు కూడా నేకపోతే తుపాను మనకి రానట్టేరా. ఒలలు రావు, గుడిసెలు రావు," అన్నాడు పెద్దాయన.

"శవం దొరకనేదు గదా. సచ్చిపోనాడని యేలిముద్ర ఎయ్యడానికి ఊరి పెద్దలు ఒప్పుకోడం నేదు."

"ఆఫీసరుతో మాటాడినాను. పేపర్లో పడినా సాలంట, అది పెట్టి పైకి పంపిస్తాడంట. నీ సేతిలో పేపరుంది కదేటి?"

ఆయన మాటలో స్వార్థం లేదని కాదు, మంత్రి పక్కన నిలబడటం ఎవరికి చేదు? కానీ ఊరంతటి సాయం అందులో ఉంది. నూకాలమ్మ ఇంట్లో రేపటికి గింజలు లేవు. నాకు సబబుగానే తోచింది. మాస్టారికి చెప్పాను. మాస్టారు చాలాసేపు కలం మూత తీసి, పెట్టి, తీసి, చివరికి ఎర్రయ్య సముద్రంలో ప్రాణాలు కోల్పోయాడని రాశారు.

చదివే రోజు పెద్దాయన కూడా వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. అచ్చు కాగానే కాపీలు పట్టుకెళ్ళాలని ఆయన తొందర. ఇంతలో గంపతో నూకాలమ్మ వచ్చింది. తుపానుకి ముందు ఎండబెట్టిన చేపలు మిగిలితే అమ్ముకోవడానికి వచ్చిందట. ఎప్పుడూ కూర్చునే చోటే, మూల స్తంభానికి ఆనుకుని కూర్చుంది.

మాస్టారు నా వైపు చూశారు. "ఇప్పుడు చదవమంటారా?"

"సదవండి మేస్టారూ. ఆవిడ మంచికే గదా," అన్నాడు పెద్దాయన. నేను కూడా సరేనన్నట్టు తలూపాను. ఆమెకి తెలియకుండా అచ్చువేయడం కంటే ఆమె ముందు చదవడమే నయమనిపించింది.

చదివారు. చదవడం అవగానే లోపలినుంచి బావ చేతుల సిరా తుడుచుకుంటూ వచ్చాడు. అతనికి నూకాలమ్మ వచ్చిన సంగతి తెలీదు. అలవాటుగా, "మరైతే ఏటి జరిగినాది? ఎవులు సెప్తారు?" అన్నాడు. అప్పుడు స్తంభం వైపు చూసి నాలుక కరుచుకున్నాడు.

సింహాచలం తల దించుకుని, "నాకు ఇనబడనేదు బాబూ," అన్నాడు. పక్కవాడు, "నాకూ ఇనబడనేదు," అన్నాడు. అలా అరుగు పొడుగునా ఎవరికీ వినబడలేదు.

"నాకు ఇనబడ్డాది. నాను సెప్తాను," అంది నూకాలమ్మ. గంప పక్కన పెట్టి, కొంగు సర్దుకుంది. "తుపానొచ్చినాది. ఆ పొద్దు ఎర్రయ్య యేటకెల్లాడు. ఇంకా రానేదు."

పెద్దాయన మెత్తగా అన్నాడు. "అమ్మా, ఇన్నాల్లయిపోనాది. వచ్చీవోడైతే వచ్చీసును గదా?"

"అవును బాబూ. గానీ తవురు సచ్చిపోనాడని ఏసీస్తే మా వోల్లు కర్మ సేసీయమంటారు. కర్మ అయిపోనాక ఆడొచ్చినాడనుకోండి. కర్మ అయిపోనోడ్ని గుమ్మంలోకి ఎవులు రానిస్తారు? అప్పుడు తవురొచ్చి నిలబడతారేటి?"

"సాయం వస్తాదమ్మా. బియ్యం ఇస్తారు. కొత్త తెప్ప ఇస్తారు."

"తెప్ప ఎవులెక్కాల బాబూ? ఎక్కీవోడొచ్చినాక ఇప్పించండి."

పెద్దాయన నా వైపు తిరిగాడు. "ఒరే, నువ్వు సెప్పు. నువ్వు ఎడిటరువా, ఎమ్మెల్లేవా?"

ఊరు కూడా నాదే, ఈవిడా నా మనిషే. ఏం చెప్పినా ఒకళ్ళకి అన్యాయం జరుగుతుంది. కానీ ఊరి గుడిసెల కోసం నేను ఇంకో తలుపు తట్టగలను. ఆవిడ గుమ్మం ఒకసారి మూస్తే నేను తెరవలేను. ఇంత బాగా అప్పుడు ఆలోచించలేదు, ఇప్పుడు రాస్తుంటే వస్తోంది. అప్పుడు మాత్రం, "మేస్టారూ, ఆవిడ సెప్పినట్టే రాయండి," అన్నాను.

పెద్దాయన లేచి తువ్వాలు తీసి దులిపాడు. ఆ చప్పుడు స్టేషను దాకా వినబడి ఉంటుంది. "అయితే మనకి తుపాను రానేదు," అని మిల్లుకి వెళ్ళిపోయాడు.

మాస్టారు తను రాసింది అడ్డంగా కొట్టేసి, "అమ్మా, ఎర్రయ్య వేటకి వెళ్ళాడు, ఇంకా రాలేదు. అంతేనా?" అన్నారు.

"మరేటి బాబూ, జరిగినాది అదే గదా."

తర్వాత

పెద్దాయన చెప్పినట్టే అయింది. మంత్రిగారి సభకి మా తీరం నుంచి ఎవరినీ పిలవలేదు. భావనపాడు వెళ్తే ఊరి పెద్ద నన్ను పడవ నీడలో కూర్చోనివ్వలేదు. "ఒక్క మనిసి కోసం ఊరందరి నోట్లోనూ మట్టి కొట్టీసినావు బాబూ," అన్నాడు. ఆయన తప్పేం లేదు. నేను మళ్ళీ ఆఫీసుల బెంచీల మీద కూర్చున్నాను. చలికాలం అంతా తిరిగాక తాటాకులు, కొన్ని వలలు ఇప్పించగలిగాను. రావాల్సినంత రాలేదు. వానలో తడిసినవాళ్ళు తడిసే ఉన్నారు. ఆ రోజు చేసింది ఒప్పేనా అని ఎవరైనా అడిగితే, నూకాలమ్మ విషయంలో ఒప్పు అంటాను. ఊరి విషయంలో ఇప్పటికీ గట్టిగా అనలేను. ఈ పనిలో ఉన్నవాడికి ఇలాంటివి కొన్ని మిగిలిపోతాయి. మిగలలేదని చెప్పేవాణ్ణి నమ్మకండి.

పెద్దాయన నాతో చాలా రోజులు మాట్లాడలేదు. కానీ ఒక వింత జరిగింది. మిల్లులో పనివాళ్ళకి ఒకపూట అన్నం పెట్టేవారు. ఆ వారం నుంచి ఆ అన్నంలోకి రోజూ ఎండుచేపల కూరే. నూకాలమ్మ ఎన్ని తెస్తే అన్నీ మిల్లే కొనేస్తోంది. పనివాళ్ళు నా దగ్గరికొచ్చి మొరపెట్టుకున్నారు.

"బాబూ, తవురూ పెద్దాయనా తగువాడుకుంటే మాకీ సిచ్చేటి? ఆదోరం నాడైనా పప్పెట్టమనండి."

ఈ మాట ఎవరి ద్వారానో పెద్దాయనకి పంపాను. "పప్పు దొరా ఆడు?" అని నన్ను తిట్టాడట గానీ, ఆదివారం పప్పు వండించాడు.

పత్రికలో మాత్రం నాలుగో పేజీ అడుగున ఆ ముక్క ప్రతి వారం పడేది. భావనపాడు ఎర్రయ్య వేటకెళ్ళాడు, ఇంకా రాలేదు. ప్రతి వారం కొత్తగా పేర్చనక్కరలేకుండా బావ ఆ అక్షరాలని దారంతో కట్టి ఒక పక్కన ఉంచాడు. మొదట మాస్టారు, "ఇందులో కొత్తేముందండీ, వార్త అంటే కొత్తది కదా," అన్నారు. కొన్నాళ్ళకి ఆయనే, ఎప్పుడైనా నాలుగో పేజీలో చోటు చాలకపోతే, నా ప్రసంగంలోంచి తీసేసేవారు గానీ ఆ ముక్క తీసేవారు కాదు. రైల్లో పేపరు కొన్నవాళ్ళు ముందుగా వెనక పేజీ తిప్పి చూసేవారు. నేను ఏ స్టేషన్లో దిగినా, "ఎర్రయ్య వచ్చినాడేటి బాబూ?" అని అడిగేవారు. నేను ఎమ్మెల్యేనని గుర్తులేనివాళ్ళకి కూడా ఎర్రయ్య గుర్తున్నాడు.

ఒకసారి బరంపురం వైపు నుంచి కబురొచ్చింది. అక్కడి ఒడ్డుకి ఎవరో కొట్టుకొచ్చారని, ఖననం చేసేశారని, పోలీసు స్టేషన్లో బట్టలు, మొలతాడు ఉంచారని. నూకాలమ్మ, నేను, మాస్టారు వెళ్ళాం. ఆమె ఆ మొలతాడు చేతిలోకి తీసుకుని ముడి చూసింది. "ఈ ముడి మాది కాదు," అంది. బట్టలు జాగ్రత్తగా మడిచి మళ్ళీ బల్ల మీద పెట్టింది, వాటికోసం ఇంకెవరో వస్తారన్నట్టు. తిరుగు బండిలో మాకు అరటిపళ్ళు కొని పెట్టింది. దార్లో నేను నిద్రపోయాను. లేచేసరికి ఆమె మాస్టారితో అంటోంది, "ఎమ్మెల్లేగోరు నోరు తెరుసుకుని తొంగుంటారు. ఇది పేపర్లో ఎయ్యరేటి మేస్టారూ?" మాస్టారు పెద్దగా నవ్వడం నేను ఆ రోజే చూశాను.

పెళ్ళిళ్ళ నెల

తర్వాత వైశాఖం వచ్చింది. బావకి ఊపిరాడని పని. వరసగా పెళ్ళి కార్డులు. చిన్న ప్రెస్సు, అక్షరాలు కొద్దిగా ఉండేవి. ఒక కార్డు విప్పి ఆ అక్షరాలతో ఇంకో కార్డు పేర్చాల్సి వచ్చేది. ఇక్కడ ఇంకొక సంగతి కూడా చెప్పేస్తాను. నూకాలమ్మకి ఆఫీసు సాయం ఆ వేసవి చివర్లో వచ్చింది, నేనూ పెద్దాయనా కలిసి వెళ్ళి అడిగితే. అవును, కలిసే వెళ్ళాం. తర్వాతి ఎన్నికల్లో ఆయన నాకు టికెట్టు ఇవ్వలేదు, "నీకు పేపరే నయంరా" అన్నాడు. ఆ మాటతో నాకు ఇప్పటికీ తగువు లేదు.

ఆ వైశాఖంలోనే ఒకరోజు పేపరు చదవడానికి అందరం అరుగు మీద చేరాం. నూకాలమ్మ చేపలు మిల్లులో ఇచ్చేసి, ఖాళీ గంపతో వచ్చి స్తంభం దగ్గర కూర్చుంది. లోపల బావ ఒక పెళ్ళి కార్డు పేరుస్తూ అక్షరాల గళ్ళన్నీ వెతుకుతున్నాడు.

"ఏమిటి వెతుకుతున్నావు?" అన్నారు మాస్టారు.

"పెల్లికొడుకు తండ్రి పేరు చివర య్య కావాల. ఒక్కటీ మిగల్నేదు."

"ఆ కట్టలో ఉంది కదా," అని మాస్టారు అనేశారు.

"అది ముట్టుకోకండి మేస్టారూ. పోస్టు బండికి పాలకొండ ప్రెస్సుకి మనిసిని పంపి ఇంకోటి తెప్పిస్తాను గానీ," అన్నాడు బావ.

బయట నూకాలమ్మ విన్నది. లేచి గుమ్మం దగ్గరికి వచ్చింది. లోపలికి ఎప్పుడూ రాదు, ఆ రోజు గడప దాటి వచ్చింది. ఆ దారం కట్టిన కట్ట వైపు చూసి, "ఇదేనా బాబూ?" అంది.

"ఇదేనమ్మా."

"ఇప్పీయండి."

"అయ్యో, అచ్చరం కోసం కాదమ్మా. నాను ఇంకోటి తెప్పిస్తాను. ఇది ఇలగే ఉంటాది," అన్నాడు బావ కంగారుగా.

"అచ్చరం కోసం కాదులెండి." "రోజూ పొద్దున్నే ఒడ్డుకెల్తాను. ఇన్నాల్లూ ఎతుక్కున్నట్టు సూసీదాన్ని. నిన్న ఎల్లి ఊరికే సూసినాను బాబూ. ఇంటికొచ్చి మా అత్తకి సెప్పినాను. అదీ ఊఁ అంది."

అప్పుడు చూశాను, చేతులకి గాజులు లేవు. చదవడం మొదలెట్టకుండా కోటు గుండీ పట్టుకుని నిలబడ్డారు మాస్టారు. "ఈ వారం ఏం వేయమంటావమ్మా?" అన్నారు.

"ఏటీ ఎయ్యకండి. ఊరోల్లకి నాను సెప్పుకుంటాను. ఆ జాగాలో ఎవులదో మంచి కబురు ఎయ్యండి."

బావ దారం విప్పాడు. సిరా జిగటకి ముడి తొందరగా రాలేదు. ఒక్కొక్క అక్షరం తీసి దాని గడిలో వేశాడు. య్య మాత్రం గడిలో వేయకుండా నేరుగా పెళ్ళి కార్డులో పెట్టాడు. నూకాలమ్మ అంతా చూస్తూ నిలబడింది.

"ఎవుల పెల్లి?" అంది.

"పాతపట్నం వైపు ఎవులో అమ్మా. కుర్రాడు మేస్టరీ సేస్తాడంట."

"పిల్ల?"

"అటేపు పిల్లే."

"బాగుండాల," అంది నూకాలమ్మ. ఇంతలో పాసింజరు బండి కూత వేసింది. గంప నెత్తిన పెట్టుకుని మెట్లు దిగి, స్టేషను వైపు నడిచింది.

నాకు రాయడం ఇంతవరకే చేతనైంది. మాస్టారు ఉంటే ఇందులో సగం కొట్టేసేవారు, బావ ఉంటే మిగతా సగానికి నవ్వేవాడు. వాళ్ళిద్దరూ లేరు కాబట్టి దిద్దకుండానే మీ చేతిలో పెడుతున్నాను. ఒత్తు తప్పిన చోట, మాట అటూ ఇటూ అయిన చోట, పెద్ద మనసుతో సర్దుకుని చదవండి. తప్పులన్నీ నావే, దయచేసి మన్నించండి.